మూడుసార్లు మార్చిన ఆడ ఎలుక

హైదరాబాదు, 1949 జూన్

సూర్యాపేటలో ఉన్న బావకు,

నీ కార్డు అందింది. మీ ఇంట్లో ఉన్న నా భార్య అండాలుకు ఇంకా పసరు తాగిస్తున్నారట. ఈసారీ కడుపు పండకపోతే కోదాడ పిల్లను నాకు చేస్తానని, "ఆడిదాన్ని మారిస్తెనే వంశం నిలుస్తది" అని అక్క పట్టుబట్టిందట. అక్కకు చదువు రాదు, ఉత్తరం నువ్వే చదివి వినిపిస్తావు. కింద రాసేది మాత్రం దాటేయి.

ఇక్కడి ప్రయోగశాలలో నాది ఎలుకల బోన్లు చూసే పని. చేరిన కొత్తలో ఒక మగ ఎలుకను చూశాను. శుభ్రంగా తింటుంది, పరుగెత్తుతుంది. ఆడ ఎలుక దగ్గరికొస్తే ముఖం తిప్పుకుంటుంది. లోపం ఆడదానిదే అనుకుని మూడుసార్లు మార్చాను. డాక్టరుగారు నవ్వారు. మగదాని మెదడు అడుగున ఆవగింజంత చోట తానే గాయం చేశారట. పైమెదడు కొంత పోయినా కోరిక మిగులుతుందట గాని, ఆ చోటు పోతే మగ హార్మోను సూదిమందు వేసినా తిరిగి రాదట.

రెండేళ్ల కింద మిర్యాలగూడ బజారులో నా తలకు తుపాకి మడమ దెబ్బ తగిలింది కదా. అప్పటి నుంచి నేనూ తింటున్నాను, తిరుగుతున్నాను. అండాలును ముట్టలేదు. మనుషులకూ ఇంతేనా అని డాక్టరుగారిని అడిగాను. "తల కోసి సూడంది ఎట్ల చెప్పను?" అన్నారు.

మొన్న సెలవుకు వచ్చి తిరిగి బస్సెక్కేటప్పుడు అండాలు, "తాగమంటే తాగుత, నీ మాట బయట పెట్టను" అంది.

బావా, దాటేయమన్నాను గాని, దాటకు. అండాలు తలుపు వెనకే నిలబడి ఉంటుంది. జర గట్టిగా చదువు.

నీ బావమరిది