చెప్పుల బొమ్మ

తాయారూ,

చింతపండు కొనడానికి సాలూరు సంతకు వెళ్తున్నాను. మబ్బు పడితే మిరపకాయలు లోపలికి తియ్యి. కొట్టు తాళం బియ్యం డబ్బాలో ఉంది.

చదవడం వచ్చినా, రాయడానికి బద్ధకించి సరుకుల చీటీలో బొమ్మలు గీస్తావు. పోయినసారి చివర చెప్పులు గీస్తే, గంటసేపు బేరమాడి కొత్త జత తెచ్చాను. "ఏటి మావా! గుమ్మంలో నీ సెప్పులు గీసి బేగి రమ్మన్నాను గానీ, కొనమన్నానా?" అని పడీపడీ నవ్వావు.

కొత్త జత కరుస్తోంది. అయినా ఆ బేరంలో నష్టం లేదు. నా కోసం గుమ్మం చూసే మనిషి ఉందని తెలిసింది. ఆ బొమ్మ కింద "బేగి రా" అని నీ మాట రాసి, చొక్కా జేబులో పెట్టుకున్నాను.

అడుగున నేను గీసినవి వంకాయలు కావు, చెప్పులే. ఇంటివైపు తిరిగి ఉన్నాయి.