ఆమె అతికించిన సగం

జూన్ 4
ఇవాళ మా ఆవిడ కొలిమి పెట్టుకున్న కారు షెడ్డు తాళం తీశాను. ఇనుము పెట్టి కొట్టే దాగలి మీద దుమ్ము. పక్కనే ఆమె చివరిసారి పట్టుకున్న దిమ్మ. అరిగిన పాత ఆకురాయి, దాని మీద లారీ కమాను పట్టీ, రెండూ కాల్చి కొట్టి ఒకటి చెయ్యాలి. సగం అతికించి, మిగతా సగం రేపు చూద్దాంలే అని లోపలికొచ్చి పడుకుంది. ఆ రేపు ఆస్పత్రిలో తెల్లారింది. ఇంటికి మళ్ళీ రాలేదు.
దాన్ని కత్తి చేసి అమ్మాయికి ఇవ్వాలి. కమ్మరం ఆమెది. నేను కొలిమికి గాలి కొట్టే బ్లోయర్ తిప్పేవాణ్ణి, అంతే.

జూన్ 5
అతకలేదు.

జూన్ 8, సాయంత్రం
మళ్ళీ అతకలేదు. అతుకు పట్టడానికి వెలిగారం పొడి చల్లాను. ఇనుము కరిగే వెన్నలా మెరిసింది. బలమంతా పెట్టి కొట్టాను, పట్టీ పక్కకి జారింది. ముందు తట్టాలి, అంటుకున్నాకే కొట్టాలి అని ఆమె ఎన్నిసార్లు మొత్తుకుందో. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.
నా భయం వేరే. నా సగం కాల్చినప్పుడల్లా ఆమె సగానికీ సెగ తగులుతోంది. కాస్త ఎక్కువైతే రవ్వలు రాలి ఉక్కు మాడిపోతుంది. ఆమె చేతిపని ఇదొక్కటే మిగిలింది నాకు.

జూన్ 9
బావమరిది వచ్చాడు. ఎందుకు బావా ఈ తిప్పలు, వెల్డింగ్ షాపులో ఇస్తే ఐదు నిమిషాల పని కదా అన్నాడు. ఒళ్ళు మండింది. వాడికీ అక్కే కదా అని ఊరుకున్నాను. వెళ్ళేముందు ఆమె సుత్తి ఎత్తి చూశాడు. ఇంత బరువు అక్క ఎలా ఎత్తేది బావా అని కళ్ళు తుడుచుకున్నాడు.

జూన్ 15
అతికింది! తట్టాను, తట్టాను, అప్పుడు కొట్టాను. చప్పుడే మారిపోయింది. ఆమె వైపు సుత్తి తగలనివ్వలేదు. ఫోన్ చేస్తే అమ్మాయి ఏడ్చింది. అమ్మ చేసింది జాగ్రత్త నాన్నా అంది.

జూన్ 16
గ్రైండర్ పెట్టాను. నా సగంలో అతుకు గీత కూడా లేదు. ఆమె సగంలో పైపొర పోగానే నల్లటి సందు. నేనే పాడుచేశాననుకున్నాను. కాదు. సందు నిండా వెలిగారం గాజులా గడ్డకట్టి ఉంది. గట్టి దెబ్బ పడి ఉంటే అది అప్పుడే బయటికి చిమ్ముకొచ్చేది. దెబ్బ పడలేదు. అంచులు మాత్రం పట్టుకుని ఉన్నాయి.
అప్పటికే ఆమె చేతిలో సత్తువ లేదు.
అతికిందా అని ఆరోజు అడిగాను. రాయిలా ఉంది అని నవ్వింది. నేను మూరెడు దూరంలో బ్లోయర్ తిప్పుతున్నాను.

జూన్ 17
అమ్మాయి ఫోన్ చేసింది. అమ్మ అతికించిన వైపు ఎలా ఉంది నాన్నా అని అడిగింది.
రాయిలా ఉంది అన్నాను.