మూడో బేస్ దగ్గర ఇద్దరం

డుబ్యూక్,
సెప్టెంబరు 28

వెండెల్ అన్నా,

నిన్నటితో నా బేస్‌బాల్ ముగిసింది. పదమూడేళ్లు ఎవరికి దెబ్బ తగిలితే వాళ్ల చోట ఆడాను, సంచీలో నాలుగు రకాల గ్లవ్స్ మోశాను.

నా మొదటి వారం గుర్తుందా? ఆ రోజు నన్ను రెండో బేస్‌ కాపలాకి వేస్తే, ముందురోజు ఆడిన మూడో బేస్‌కే పరుగెత్తాను. అక్కడ ఆ రోజు దాన్ని కాయాల్సిన ర్యాండల్ అప్పటికే నిలబడి ఉన్నాడు. రెండింటికీ మధ్య ఆడే నువ్వు, జనం నవ్వేలోపే మా దగ్గరికొచ్చి, గ్లవ్ నోటికి అడ్డం పెట్టుకుని, "ఏదో పెద్ద మంతనం ఉన్నట్టు తలూపు. ఇక మెల్లగా నీ బేస్‌కి నడు, మహానుభావా," అన్నావు.

నిన్న వీడ్కోలుకి మన పాత మేనేజరు వచ్చాడు. "ఆ రోజే నిన్ను ఇంటికి పంపేద్దామనుకున్నానోయ్. నిన్ను మూడో బేస్ దగ్గరికి తనే పిలిచానని వెండెల్ అడ్డం పడ్డాడు. అబద్ధమని తెలిసీ ఊరుకున్నాను," అన్నాడు. నువ్వు ఏనాడూ చెప్పలేదు.

క్లబ్బు గోడమీద నా పేరు చెక్కిస్తారట. వాళ్లిచ్చిన కాగితంలో, ఆడిన స్థానం రాయడానికి ఒక్కటే గడి ఉంది. ఏడు చోట్ల ఆడినవాణ్ణి, ఏది రాయను? కాసేపు ఆలోచించి, 'వెండెల్ పక్కన' అని రాసిచ్చాను.

ఇట్లు,
నీకు కుడిపక్కనా, ఎడమపక్కనా ఆడినవాడు