రన్నింగ్ రూమ్‌లో నా పుస్తకం

9 ఏప్రిల్ 1989, ఆదివారం

పుస్తకం వచ్చింది. నూట పన్నెండు పేజీలు. అట్ట మీద తేజస్వి అని ఉంది. డైరీలోనైనా ఒప్పుకుంటాను, తేజస్వి నేనే. రాజశ్రీ, రైల్వే ఆఫీసులో టైపిస్టు, వయసు ఇరవయ్యెనిమిది. ఈ కాలనీలో ఈ సంగతి నా స్నేహితురాలు సౌభాగ్యకి ఒక్కదానికే తెలుసు.

పదహారో ఏట నుంచి ఏడేళ్లు నన్ను నేను గాయపరుచుకుంటూ ఎలా బతికానో, ఎలా మానానో అందులో రాశాను. తెలుగులోనే ఎందుకంటే నాన్నకి తెలుగు చదవడం రాదు. ఈ హిందీ ఊళ్లోనే పుట్టి, హిందీ స్కూల్లో చదివి, రైలు డ్రైవరైన మనిషి. అమ్మ బడికే వెళ్లలేదు. ఇంతకంటే సేఫ్ భాష నాకెక్కడ దొరుకుతుంది?

16 ఏప్రిల్

విశాఖ నుంచి ఎవరో పంపారని అబద్ధం చెప్పి తెలుగు సంఘం లైబ్రరీకి ఒక కాపీ ఇచ్చాను. లైబ్రరీ చూసే సత్యనారాయణ గారు అలవాటు ప్రకారం వెనక అట్టకి తెల్లకాగితం అంటించారు. చదివినవాళ్లు దాని మీద అభిప్రాయం రాయాలి. రాయకపోతే ఇంకో పుస్తకం ఇవ్వరు. ఆయన రిటైరైన గార్డు. కోటా, పెండ్రా, షాడోల్ స్టేషన్లలో ఉన్న తెలుగు స్టాఫ్‌కి పుస్తకాలన్నీ గార్డులు డ్యూటీకి తీసుకెళ్లే లైన్ బాక్సు పెట్టెల్లోనే పంపిస్తారు. ఎర్రజెండా, పచ్చజెండా, టార్చిలైటు, వాటి మధ్యలో నా బతుకు.

2 మే

పుస్తకం కోటా వెళ్లి తిరిగొచ్చింది. కాగితం సగం నిండింది.

గూడ్స్ క్లర్కు నూకరాజు గారు అక్షరాలు చిన్నవి, ధైర్యం పెద్దది అని రాశారు. మూడో చాప్టర్లో టీ పెట్టిన పద్ధతి మాత్రం తప్పట, అల్లం చివర్లో వేయాలట. దాని కింద ఎవరో, ఈ పిల్లకి పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయి అని రాశారు. ఒళ్లు మండింది. కాగితం చింపేద్దామనుకున్నాను. అప్పుడు ఆ కింద పెన్సిల్‌తో రాసిన నాలుగు వాక్యాలు కనిపించాయి. పేరు లేదు, ఇంతే ఉంది: నాకు పెళ్లి చేశారు. సర్దుకోలేదు. ఈ పుస్తకం మూడుసార్లు చదివాను. నిన్న మా అక్కకి మొదటిసారి నా సంగతి చెప్పాను.

లైబ్రరీలో నిలబడే ఏడ్చేశాను. సంతోషంతో ఏడవడం ఇదే మొదలు. ఒకసారి కళ్ల డాక్టరుకి చూపించుకోమ్మా అన్నారు సత్యనారాయణ గారు.

11 మే, మధ్యాహ్నం

కొంప మునిగింది.

అదే రోజు, సాయంత్రం

నాన్న నిన్న షాడోల్ ట్రిప్పుకి వెళ్లి ఇవాళ వచ్చాడు. అక్కడి రన్నింగ్ రూమ్‌లో, డ్యూటీ దిగి రెస్టు తీసుకునేటప్పుడు, గార్డు పోలయ్య గారు ఒక పుస్తకం పైకి చదివి వినిపిస్తున్నారట. ట్రిప్పుకి ఒక చాప్టరు. ఎవరో పిల్ల రాసిందట, తన్ని తనే గాయం చేసుకునీదట, అని నాన్న భోజనం దగ్గర చెప్తుంటే పప్పు గరిటె నా చేతిలోనే ఉండిపోయింది. చదవడం రాదని నిశ్చింతగా ఉన్నాను. వినడం వచ్చునని మర్చిపోయాను.

14 మే

రెండో చాప్టరు. నా పుస్తకం నాకే చెప్తున్నాడు, నాకంటే బాగా చెప్తున్నాడు. నేను రాయని కుక్కనొకదాన్ని చేర్చాడు. కుక్క బాగుంది.

18 మే

నాలుగో చాప్టరు విని వచ్చి, ఆ పుస్తకంలో తండ్రి మీద విరుచుకుపడ్డాడు. మే నెల ఎండలో పిల్ల పొడుగు చేతుల జాకెట్టు ఏసుకుంటే ఇదేటమ్మా అని అడగనేదు, ఆడికి కళ్లు నేవేటి అన్నాడు. నేను మణికట్టు దాకా ఉన్న జాకెట్టుతో ఆయనకి మజ్జిగ పోస్తున్నాను. పాపం ఆయనకి తెలీదేమో నాన్నా అన్నాను. తెలీపోతే అడగాల, అడగడానికేటి టిక్కెట్టు కొనాలా అన్నాడు.

వంటింట్లోకి వెళ్లి నవ్వుకున్నాను. తర్వాత భయం వేసింది. ఆ తండ్రి తనేనని తెలిస్తే నాన్న తనని తాను క్షమించుకోడు. తెలియకపోతే నేను జన్మంతా ఈ పొడుగు చేతుల జాకెట్టుతోనే మజ్జిగ పోస్తూ ఉండాలి. నాకు ఏది కావాలో నాకే తెలియడం లేదు.

21 మే

ఐదో చాప్టరు అయింది. ఇక ఆరోది. అందులో కూత ఉంది.

మా క్వార్టర్ వెనక గోడ దాటితే లైను. నా చిన్నప్పుడు అవి బొగ్గింజిన్లు. నాన్న అక్కడికి రాగానే రెండు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వేసేవాడు. నేను గోడెక్కి చేతులు ఊపేదాన్ని. పదహారేళ్లు వచ్చాక వెళ్లడం మానేశాను. ఆయన కూత మానలేదు. ఒక సాయంత్రం, చాలా చెడ్డ సాయంత్రం, ఆ కూత విని చేతిలోది కింద పెట్టేశాను. నేను మానడం ఆ రోజే మొదలైంది. నాకు ఉద్యోగం వచ్చాక, ఆఫీసుకెళ్లే పిల్లకి కూతలేటి అని ఆయనే ఆపేశాడు.

ఊరి పేరు మార్చాను, నా పేరు మార్చాను. కూతని మార్చడానికి మనసొప్పలేదు.

24 మే

నాన్న వచ్చాడు. కథ చెప్పలేదు. అడిగితే, పోలయ్య గొంతు బాగోనేదు, చదవనేదు అన్నాడు. మామిడికాయ పప్పు రెండోసారి వేసుకోలేదు.

26 మే

పోలయ్య గారి గొంతు బాగానే ఉందట. సత్యనారాయణ గారు చెప్పారు. ఆరో చాప్టరు నాన్న రెండుసార్లు చదివించుకున్నాడట. తర్వాత బయటికెళ్లి ప్లాట్‌ఫారం మీద చాలాసేపు ఒక్కడే నిలబడ్డాడట. ఎందుకో తెలుసా అమ్మా అని అడిగారు. తెలీదన్నాను.

27 మే

రాయలేను.

28 మే

సౌభాగ్య వచ్చి తిట్టింది. అన్నీ తెలిసాక కూడా నీ చేతి అన్నమే తిన్నాడు కదా, ఇంకేటి కావాలే నీకు అంది. నా పెట్టె అడుగు నుంచి, కుట్టించి ఎన్నడూ తొడగని పొట్టి చేతుల జాకెట్టు తీసి మంచం మీద పెట్టి వెళ్లింది.

నాన్న డ్యూటీకి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు. నా వైపు చూడకుండా బూటు లేసు కట్టుకుంటూ, రేపు సాయంత్రం ఆరింటికి బండి ఇటే తెస్తాను, ఇంట్లో ఉంటావేటమ్మా అని అడిగాడు.

ఉంటానన్నాను.

29 మే, సాయంత్రం 6.10

రెండు పొట్టివి, ఒకటి పొడుగు.

గోడెక్కాను. రెండు చేతులూ ఊపాను, మోచేతుల పైదాకా కనిపించేట్టు. ఇంత వయసొచ్చి గోడెక్కడమేటే అని కింద నుంచి అమ్మ కేకలు.

చివరి డబ్బాలో పోలయ్య గారు పచ్చజెండా ఊపుతూ వెళ్లారు.