జేబులో పట్టే పుస్తకాలు

సోమవారం పొద్దున

ప్రియమైన మా ఇంటాయనకి,

నేను డ్యూటీ దిగి వచ్చేసరికి మీరు ప్రెస్సుకి వెళ్లిపోయారు. మీ టీ గ్లాసు ఇంకా వెచ్చగానే ఉంది. ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, ఫోన్‌లో మీరు 'ఊ', 'సరే' తప్ప ఇంకో మాట మాట్లాడరు. కాగితం ముందు పెడితేనన్నా నోరు విప్పుతారని ఇది స్టవ్ పక్కన పెడుతున్నాను. అత్తయ్య ఒకటే నవ్వు. "ఒకే ఇంట్లో కాపురం చేస్తూ ఉత్తరాలేంటే? స్టాంపు నన్ను అంటించమంటావా?" అంటున్నారు.

విషయం ఏమిటంటే, మా గోదాములో రాత్రి పని ఎత్తేస్తున్నారు. ఇన్నాళ్లూ అరల మధ్య తిరిగి, సరుకు ఏరి పెట్టెల్లో సర్దింది మేమే కదా. ఇప్పుడు బల్లపరుపు మరబండ్లు వచ్చాయి. అరకి అర వీపు మీద ఎత్తుకుని మనిషి దగ్గరికే తెచ్చేస్తాయి. మేం వాటికి తాబేళ్లని పేరు పెట్టాం. వాటిని కనిపెట్టుకుని ఉండటానికి కొద్దిమందిని ఉంచుతారట. పగటి డ్యూటీ. దానికో పరీక్ష. నెగ్గనివాళ్లు నెలాఖరుకి ఇంటికే.

చదువుకోమని ఇటుకంత పుస్తకం ఇచ్చారు. చూస్తేనే నిద్ర ముంచుకొస్తోంది. బడి మొహం చూసి ఎన్నేళ్లయింది! పేరు ఇవ్వకుండా ఊరుకుందామనిపిస్తోంది. మీరేమంటారు?

మీ జవాబు కోసం కాచుకున్న,
గోదాము మనిషి


మంగళవారం రాత్రి

ప్రియమైన నీకు,

పేరు ఇవ్వు.

నీతో ఒక మాట చెప్పలేదు. మా ప్రెస్సులో రసీదు పుస్తకాలు కుట్టించుకునేవాళ్లు బాగా తగ్గిపోయారు. అన్నీ ఫోన్లలోకి వెళ్లిపోయాయి. వచ్చే నెల నుంచి వారంలో సగం రోజులే రమ్మని ఓనరు అన్నాడు. ఆదివారం చెబుదామనుకున్నాను. నువ్వు నిద్రపోతున్నావు, లేపబుద్ధి కాలేదు. నిన్ను భయపెట్టాలని కాదు. ఇంట్లో ఒక్కరి పనైనా గట్టిగా నిలబడాలి, అది నీదే అవుతుందని నా నమ్మకం.

నీ పుస్తకం తీశాను. నీకు నిద్ర వచ్చేది చదువు వల్ల కాదు, దాని బరువు వల్ల. అట్ట ఊడదీసి, దారం కోసి, అయిదు పలచని పుస్తకాలుగా మళ్లీ కుట్టాను. యూనిఫాం జేబులో పడతాయి. టీ తాగేటప్పుడు నాలుగు పేజీలు చదువుకోవచ్చు. అమ్మ చూసి గుండెలు బాదుకుంది. "కంపెనీవాళ్ల పుస్తకాన్ని కోసి పారేశావేంట్రా! పిల్ల ఉద్యోగం ఊడగొడతావా?" అంది. కంగారు పడకు. ఒక్క కాగితం కూడా పోలేదు.

నీ,
బైండింగు మనిషి


శుక్రవారం పొద్దున

కోతలు తప్ప మాటలు రాని శ్రీవారికి,

సగం రోజుల సంగతి దాచినందుకు కోపం వచ్చింది. పుస్తకాలు చూశాక సగం పోయింది. మిగతా సగం దాచుకున్నాను, దేనికైనా పనికొస్తుంది.

పేరు ఇచ్చాను. గోదాములోకి ఫోన్లు తేనివ్వరు కదా, టీ వేళలో నేను జేబులోంచి పుస్తకం తీస్తుంటే అందరూ నన్నే చూస్తున్నారు. మా పక్క వరసలో చేసే పొడుగాయన అడగనే అడిగాడు, "అక్కా, మీ ఆయన్ని నాలుగు రోజులు అద్దెకిస్తావా?" అని. మొదటి పుస్తకం మీద టీ ఒలికించాను. రెండోది అయిపోయింది. మూడోది చదువుతుంటే ఎందుకో భయం వేయలేదు. తాబేలు ఇరుక్కుంటే ఏం చెయ్యాలో అందులో ఉంది. ఎర్ర మీట లాగాలి. లైటు ఆరిపోయేదాకా దగ్గరికి వెళ్లకూడదు.

పరీక్ష ముందుకు జరిపారు. ఈ రాత్రి డ్యూటీలోనే. నాలుగోది, అయిదోది ఇంకా తెరవనేలేదు. పుస్తకం దగ్గర పెట్టుకోనిస్తారు గానీ, అడిగేది ఇరుక్కున్న తాబేలు గురించేనని అందరూ అంటున్నారు. అందుకని మూడోది ఒక్కటే పట్టుకెళుతున్నాను.

ఇట్లు,
మీ పరీక్ష పిల్ల


ఆదివారం

ప్రియమైన నీకు,

నిన్న స్టవ్ పక్కన ఏమీ లేదు. ఈ రోజూ లేదు. నువ్వు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నావు. ఏమైందని అమ్మని అడిగాను. "నాలుగోది ఇంట్లో ఉండిపోయిందత్తయ్యా అంది, ముసుగు తన్నింది. నాకేం తెలుసు?" అంది.

బల్ల మీద మూడో పుస్తకం ఉంటే చివరి పేజీ తిప్పి చూశాను. ఆపడం వరకూ అందులో ఉంది. మళ్లీ నడిపించడం నాలుగోదాని మొదటి పేజీలో ఉంది. మందం చూసి కోశాను. అయిదూ ఒకేలా ఉండాలని చూసుకున్నానే తప్ప, లోపల మాట ఎక్కడ తెగుతోందో చదివి చూడలేదు. ఆ బుద్ధే పుట్టలేదు.

నీ పని పోతే అది నా కత్తి వల్లే. నన్ను తిట్టు. కానీ ఏదో ఒకటి రాయి. ఖాళీ స్టవ్ చూడలేకపోతున్నాను.

నీ,
నేను


మంగళవారం పొద్దున

ప్రియమైన నా కోతలరాయుడికి,

ఓడిపోయాననుకున్నాను. ఆ మాట కాగితం మీద పెట్టడానికి చెయ్యి రాలేదు. అందుకే రాయలేదు.

ఆ రాత్రి ఏం జరిగిందో వినండి. పరీక్ష పెట్టింది కళ్లజోడు మేడమ్. తాబేలుని కావాలనే ఒక అర కింద ఇరికించి, "ఊఁ, కానివ్వండి" అంది. ఎర్ర మీట లాగాను. లైటు ఆరేదాకా నిలబడ్డాను. తర్వాత ఏం చెయ్యాలా అని పుస్తకం చూస్తే, చివరి పేజీలో "తిరిగి నడిపించే ముందు తప్పనిసరిగా" అని ఉంది. ఆపైన మీ అట్ట! ముందుకి తిప్పాను, వెనక్కి తిప్పాను. చివరికి, "ఆపడం తెలుసండి. నడిపించడం ఇంట్లో ఉండిపోయింది" అన్నాను. మేడమ్ నవ్వలేదు. ఏదో రాసుకుని పంపించేసింది.

పొడుగాయన తన తాబేలుని చిటికెలో నడిపించేశాడు. ఇంకేముంది, పని అతనిదేననుకున్నాను.

నిన్న రాత్రి డ్యూటీలో మేడమ్ నన్ను పిలిచింది. "నడిపించడం వారంలో నేర్పుతాం. తెలియని చోట చెయ్యి పెట్టకుండా నిలబడి, తెలియదని చెప్పేవాళ్లు నాకు దొరకడం లేదు" అంది. పొడుగాయన లైటు ఆరకముందే అర కిందికి చెయ్యి పెట్టాడట. అతనికి మళ్లీ పరీక్ష పెడతారు. నిన్న మీ అయిదు పుస్తకాలూ జేబుల్లో వేసుకెళ్లాను, అవి అతనికే ఇచ్చాను, అన్నీ కలిపి తెచ్చుకోమని మరీ మరీ చెప్పాను.

అవునండీ, నన్ను ఉంచారు! అత్తయ్య ఇందాకటి నుంచి వీధి వీధంతా చెబుతున్నారు.

ఇంకో మాట. మేడమ్ మీ కుట్టు చూసి, "వీటిని ఎవరు చేశారు? కొత్తగా చేరేవాళ్లకి ఇలాగే కావాలి. ఒకసారి వచ్చి కనబడమనండి. ఈసారి ఎక్కడ కొయ్యాలో మేం గీత గీసి ఇస్తాం" అంది. అడిగింది అంతే, మాట ఇవ్వలేదు. అయినా వెళ్లండి.

ఇవాళ, రేపు నాకు సెలవు. గురువారం నుంచి పగటి డ్యూటీ. ఇకనుంచి ఇద్దరం ఒకే వేళకి ఇల్లు చేరతాం. దీనికి జవాబు రాయకండి. సాయంత్రం వచ్చి నా ఎదురుగా కూర్చుని చెప్పండి. మాట దొరక్కపోతే తొందరేం లేదు, నేను మేలుకునే ఉంటాను.

మీ,
ఇంట్లోనే ఉన్న మనిషి