అత్త పెరటి పుట్టకోళ్లు

నైట్‌క్లిఫ్, డార్విన్
మే నెల చివరి ఆదివారం

ప్రియమైన కలోతీన అత్తకి,

ముందుగా క్షమాపణ. మామూలుది కాదు, టోపీ తీసి గుండెకి ఆన్చుకుని చెప్పేది. డార్విన్ ప్రకృతి మిత్రుల సంఘానికీ, మడ అడవిలోని సమస్త పీతలకీ, నువ్వు ఇన్నేళ్లు కాపాడుకొచ్చిన శనివారం ఉదయపు నడకకీ నావల్ల కలిగిన అపచారాన్ని చరిత్ర క్షమించదు. నువ్వయినా క్షమించు. కాలేజీలో తత్వశాస్త్రం చదివినవాణ్ణి. పక్షిని చూస్తే అది నిజంగా ఉందా అని ఆలోచిస్తాను తప్ప దాని పేరేమిటని ఆలోచించను. అలాంటివాడి చేతికి నీ బైనాక్యులర్స్ ఇచ్చి నువ్వు మోకాలి ఆపరేషన్‌కి అడిలైడ్ వెళ్లిపోయావు.

ఇంతకీ ఏమైందంటే, ఏమీ కాలేదు. నడక బ్రహ్మాండంగా సాగింది. పోటు తగ్గిన బురదలో చేపలు గెంతుతూ నడుస్తుంటే చూపించాను. పచ్చ చీమ వెనక భాగం నాలుకకి తాకిస్తే నిమ్మకాయ రుచి వస్తుందని చెప్పాను. మెల్‌బోర్న్ నుంచి వచ్చిన ఒక దంతవైద్యుడు నా మాట నమ్మి చీమని పట్టుకున్నాడు. చీమ ముందు అతన్ని రుచి చూసింది. సంఘం కార్యదర్శి బెరిల్ గారు గొడుగు పట్టుకుని నా వెనకే నడిచి ప్రతి వాక్యాన్నీ దిద్దారు. చివర్లో మాత్రం, మీ అత్తకంటే తక్కువ తప్పులు చెప్పావు, తక్కువ మాట్లాడావు కదా, అన్నారు. ఆవిడ నోట అది పొగడ్తే అనుకున్నాను.

ఎప్పటిలాగే ఆఖరి మజిలీ నీ పెరడే. రెండు అడవి పుట్టకోళ్లు ఎండుటాకుల్ని వెనక్కి తన్ని తన్ని నా భుజమెత్తు గుట్ట పెట్టాయనీ, ఆకులు కుళ్లే వేడికే అందులో గుడ్లు పిల్లలవుతాయనీ చెబితే అందరూ నోళ్లు తెరిచారు. కోళ్లు సిగ్గుపడి బయటికి రాలేదు, అంతే.

మోకాలు ఎలా ఉంది? ఇరీనిని అడిగానని చెప్పు.

నీ ముద్దుల మేనల్లుడు,
సాకీ


అడిలైడ్
జూన్ నెల

ఒరేయ్ సాకీ,

నీ క్షమాపణ చదివి నవ్వితే కుట్లు లాగాయి. ఆ పాపం నీదే. ఫోన్ చెయ్యకుండా ఉత్తరాలు రాయమన్నది ఎందుకో నీకు తెలుసు. ఫోన్లో నన్ను నవ్వించి తప్పించుకుంటావు. కాగితం మీద ఎక్కడో దొరుకుతావు.

ఇక్కడ చలి. మీ ఇరీని ఇంట్లో హీటరుకి ఒక వైపు కూర్చుంటే ఆ వైపే మనిషిని, రెండో వైపు మంచుముద్దని. బిడ్డ బాగానే చూసుకుంటోంది, కాదనను. కాని రోజూ కాఫీతోపాటు ఒకటే మాట వడ్డిస్తోంది. అమ్మా, డార్విన్ ఇల్లు అమ్మేసి నా దగ్గరే ఉండిపో, ఒంటరిగా అక్కడ ఏం చేస్తావు అని. కొనేవాళ్లు కూడా ఉన్నారట, పెరట్లో ఈతకొలను కట్టుకుంటారట.

ఒంటరిగా లేనురా. ఆ జంట నా పెరట్లోకి వచ్చింది మీ మామయ్య చనిపోయిన ఏడాదే. ఇంట్లో ఒకరు తగ్గారు, పెరట్లో ఇద్దరు చేరారు. రాత్రిళ్లు ఆ రెండూ గొంతు చించుకుని అరుస్తుంటే వీధంతా తిట్టుకుంటుంది, నేను మాత్రం నిద్రపోతాను. ఇక్కడ నిశ్శబ్దానికి నిద్ర పట్టడం లేదు.

నా లెక్క తేలికే. అవి ఉంటే నేను వస్తాను. లేకపోతే ఖాళీ గుట్టకి కాపలా కాయడానికి రాను, ఇరీని చెప్పిన చోట సంతకం పెడతాను. సిగ్గుపడే పుట్టకోడిని నేనింతవరకు చూడలేదు. అందుకని నిజం రాయి.

వేళకి తిను. లక్సా నూడుల్సు ఒక్కటే భోజనం కాదు.

మీ అత్త,
కలోతీన


నైట్‌క్లిఫ్
జులై నెల

పూజ్యురాలైన, సందేహాలకు పుట్టిల్లయిన అత్తకి,

నీ జంట క్షేమం. సిగ్గు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మనుషుల గుంపంటే విసుగు అని ఉండాల్సింది. గుట్ట తగ్గకపోగా పెరిగింది. రుజువుగా ఫోటో జతచేశాను. పక్కన నిలబడ్డ నన్ను చూడకు, గుట్టని చూడు.

సంఘం వార్తలు ఘనంగా ఉన్నాయి. గ్రంథాలయంలో మన విత్తనాల ప్రదర్శన మొదలైంది. మడ చెట్టు మొలకల్ని వరసగా పేర్చి చీటీలు రాశాను. వాటిలో సగం మర్నాటికి బెరిల్ గారి దస్తూరీలోకి మారిపోయాయి. ప్రారంభం నాడు బురదచేప మీద నా ప్రసంగం. నీటిని వదల్లేక, నేలని ఒప్పుకోలేక మధ్యలో బతికే జీవి అని గొంతు బరువు చేసుకుని చెప్పాను. ముందు వరసలో ఒకావిడ కళ్లు తుడుచుకున్నారు. తరవాత అడిగితే ఏసీ గాలి పడదని చెప్పారు.

శనివారం నడకకి జనం పెరుగుతున్నారు. చేతుల్లో సంచులతో మరీ వస్తున్నారు. అంత శ్రద్ధ చర్చిలో కూడా చూడలేదు. నడక అయ్యాక కూడా నీ పెరడు వదిలి కదలడం లేదు. బెరిల్ గారు ఈమధ్య నన్ను దిద్దడం తగ్గించారు. అలసిపోయారో, నేనే మెరుగయ్యానో. రెండోదే అని నా నమ్మకం.

కాబట్టి సంతకాల జోలికి పోకు. పెన్ను దాచెయ్యి.

నీ నమ్మకస్తుడు,
సాకీ


అడిలైడ్
ఆగస్టు నెల

సాకీ నాన్నా,

ఫోటో అందింది. ఇరీని భూతద్దం తెచ్చిచ్చింది. నువ్వు చెప్పినట్టు నిన్ను చూడలేదు, గుట్టనే చూశాను.

నా పెరట్లో ఉన్నవి మామిడి, పనస, వీధివైపు రెండు మహోగనీలు. నీ ఫోటోలో గుట్ట నిండా సరుగుడు ఆకు. దానిమీద తురాయి కాయలు. సరుగుడు కావాలంటే బీచికి పోవాలి. పుట్టకోడి దేన్నీ మోసుకురాదు. ఉన్నచోట నిలబడి వెనక్కి తన్నుతుంది, దానికి తెలిసిన పని అదొక్కటే. ఈ మాట నడకలో నువ్వే చెబుతున్నావు. మరి ఈ సరుగుడు ఆకు ఎలా వచ్చింది? నా కోళ్లు బస్సెక్కి బీచికి వెళ్లి సంచి నింపుకుని వచ్చాయా?

వెళ్లిపోయాయి కదూ?

నీమీద కోపం లేదు. ముసలిదాని మనసు నొప్పించకూడదని ఆకులు మోశావు. మీ నాన్న కూడా అంతే, చిన్నప్పుడు నా కోడిపిల్ల చచ్చిపోతే పక్కింటి కోడిపిల్లని తెచ్చి పెట్టాడు.

ఇన్నేళ్లలో ఒక్కరోజు కూడా ఆ గుట్ట వదలని జంట, నేను గడప దాటగానే పోయిందంటే అర్థం కావడం లేదా? నేను లేని ఇల్లు వాటికీ అక్కర్లేదు. ఆ ఇంటి పని అయిపోయింది. నిన్న ఇరీనితో సరే అన్నాను. కాగితాలు వచ్చే నెల మొదట్లో వస్తాయి. బైనాక్యులర్స్ నువ్వే ఉంచుకో.

అత్త


నైట్‌క్లిఫ్
ఆగస్టు ఆఖరు

ప్రియమైన అత్తా,

ఈ ఉత్తరంలో హాస్యం లేదు. వెతకొద్దు.

నిజమే, వెళ్లిపోయాయి. నువ్వు బయల్దేరిన వారంలోనే. నడకకి వచ్చినవాళ్ల దగ్గర మొదటి నెలలోనే ఒప్పేసుకున్నాను, నడకకి టికెట్టు ఒక సంచి ఎండుటాకులు అని చెప్పాను. ఎవరి వీధి ఆకులు వాళ్లు తెచ్చారు. సరుగుడు తెచ్చింది బెరిల్ గారు, బీచి ఎదురుగా ఇల్లు కదా. ఊళ్లో అందరికీ తెలుసు, నీకొక్కదానికే తెలియదు. ఆకు పోసి, నీళ్లు చల్లి, మళ్లీ ఆకు పోశాం. లోపల చెయ్యి పెడితే వేడి తగిలేదాకా.

మొన్న శనివారం నడక ముగించి అందరం పెరట్లోకి వచ్చేసరికి, అత్తా, గుట్ట మీద నారింజ రంగు కాళ్లు. ఒకటి పైనుంచి ఆకుల్ని తన్నుతోంది, రెండోది కింద తవ్వుతోంది. మాకేసి చూడను కూడా లేదు. అందరూ సంచులు కింద పెట్టేశారు. నేనైతే ప్రసంగం మొదలుపెట్టడం కూడా మర్చిపోయాను, దాన్నిబట్టి అర్థం చేసుకో.

నన్ను నమ్మవని తెలుసు. అందుకే మిగతా కాగితం బెరిల్ గారికి ఇస్తున్నాను.

"కలోతీనా, రెండు ఉన్నాయి. కళ్లారా చూశాను. నా టోపీ మీదికి సరుగుడు ఆకు తన్నాయి. అమ్మితే నీతో మాట్లాడను. బెరిల్"

సంతకం పెట్టకు అత్తా.

సాకీ


అడిలైడ్
సెప్టెంబరు నెల

ఒరేయ్,

బెరిల్ నా పుట్టినరోజుకి కూడా అబద్ధం చెప్పలేదు. కేకు బాగాలేదనే చెప్పింది. కాబట్టి నమ్మాను.

కాగితాలు వెనక్కి పంపించాను. ఇరీని రెండు రోజులు మూతి ముడుచుకుని, మూడోరోజు నా పెట్టె తనే సర్దింది. వానలు పడకముందే వచ్చేస్తున్నాను. కర్రతో నడుస్తాను, శనివారం నడకలో సగం నాది, సగం నీది. నువ్వు మాట్లాడు, నేను దిద్దుతాను.

ఒక్కటి మాత్రం తేల్చు. అసలవి ఎందుకు వెళ్లాయి? నా రెండో మోకాలికి వచ్చే ఏడాది మళ్లీ ఆస్పత్రి తప్పదు. నేను లేనందుకే వెళ్లాయంటే అప్పుడూ వెళతాయి, తరవాత నేను లేనప్పుడూ వెళతాయి. ఆ బెంగ పెట్టుకుని ఆ పెరట్లో కూర్చోలేను. పక్కింటి కుక్క అని కథలు చెప్పకు. ఆ కుక్కకి నడవడమే రాదు.

అత్త


నైట్‌క్లిఫ్
ఉక్క మొదలైన రోజు

ప్రియమైన అత్తా,

నువ్వు మోకాలు బాగుచేయించుకుని వచ్చేసరికి ఇల్లు కళకళలాడాలనుకున్నాను. నువ్వు విమానం ఎక్కిన మర్నాడు పొద్దున్నే గొర్రు పట్టుకుని పెరట్లో దిగాను. గుట్ట ఒక్కటే వదిలి, మామిడి కింద, పనస కింద, కంచె వెంబడి ఒక్క ఎండుటాకు మిగల్చలేదు. ఆకుపచ్చ చెత్తడబ్బాలు చాలక పక్కింటివాళ్లవి కూడా అడిగి తెచ్చాను. నేల అద్దంలా ఉంది. వెనక్కి నిలబడి చూసుకుని మురిసిపోయాను.

సాయంత్రం రెండూ వచ్చాయి. ఆ బోడి నేల మీద నిలబడి వెనక్కి ఒకసారి తన్నాయి. దుమ్ము లేచింది. ఇంకోసారి తన్నాయి. ఒకదాని మొహం ఒకటి చూసుకుని కంచె కింద నుంచి దూరి వెళ్లిపోయాయి.

నువ్వు లేనందుకు కాదు అత్తా. ఊడ్చింది నేను.

సాకీ