చీటీలో రాయనిది

మొగుళ్లపల్లి, శుక్రవారం, రాత్రి

రేపు తెల్లారకముందే పోలీసులు రేగొండ మీద పడతారని సాయంత్రం కబురొచ్చింది. కాలేజీలో చదివినవాణ్ణని, అక్కడి రైతుకూలీ సంఘం వాళ్లకు హెచ్చరిక చీటీ రాసే పని మా ఊరి సంఘం వాళ్లు నాకు అప్పగించారు. పేజీ నిండా రాశాను. మా వాడలో గడ్డి అమ్మే ఎల్లవ్వ దాన్ని గడ్డిమోపులో దాచుకుని రేగొండకు పోయింది. పట్టుబడితే కొట్టి చెప్పిస్తారని ఆమెకు విషయం చెప్పలేదు.

ఇందాక మా సంఘం నడిపే మల్లన్నకు ఆ చీటీలో రాసిందంతా గర్వంగా చెప్పి వినిపించాను. దొరల గడీలు కూలాలి, పేదల రక్తం ఊరికే పోదు, అన్నీ.

"మస్తున్నది తమ్మీ. మరి పోలీసోళ్లు ఎప్పుడొస్తరని రాసినవ్?"

రాయలేదు. వస్తారని కూడా రాయలేదు.

కాలేజీలో వ్యాసం చెప్పే సారు నా కాగితాల మీద ఎర్రసిరాతో ప్రతిసారీ ఒకటే రాసేవారు: ఎవరు, ఎక్కడ, ఎప్పుడు? "అది గుమస్తాల చదువు సార్" అని అందరి ముందు ఎగతాళి చేసి, ఆ క్లాసుకు పోవడమే మానేశాను. కరపత్రాలు చదివితే చాలనుకున్నాను.

మల్లన్న తిట్టలేదు. ఇంకో చీటీ రాయించుకున్నాడు. రెండే వాక్యాలు: తెల్లారకముందే పోలీసులొస్తున్నారు. పిల్లల్ని తీసుకుని ఇప్పుడే ఊరు విడవండి.

"గిది చదివితే నాకే ఉరకాలనిపిస్తున్నది" అని చీకట్లోకి పరుగెత్తాడు. ఇప్పటికి సగం దారి కూడా దాటి ఉండడు.

బయలుదేరేటప్పుడు ఎల్లవ్వ అడిగింది: "రేగొండల నా బిడ్డ ఉన్నది కొడుకా. అంతా మంచిగ రాసినవ్ గద?"

అంతా రాశానవ్వా అన్నాను.